సర్ రొనాల్డ్ రాస్ – జ్వరమును గూర్చి పద్యములు వ్రాసిన వైద్యుడు

ధ్యాన భాగము: మార్కు సువార్త 1వ అధ్యాయము, 29 నుండి 31 వచనములు



కపెర్నహూములో సీమోను అత్త జ్వరముతో పడియుండెను. సువార్తికుడు ఆ జ్వరమునకు పేరు పెట్టలేదు. ఆ ఊరు గలిలయ సముద్రపు ఒడ్డున పల్లపు నేలలో ఉన్నది గనుక అది చలిజ్వరమై యుండునని వ్యాఖ్యాతలలో కొందరు తలంచిరి. అది ఏ జ్వరమైనను, మంచము పట్టిన ఒక స్త్రీని గూర్చి ఇంటివారు ప్రభువుతో చెప్పిరి, ఆయన వచ్చి ఆమె చెయ్యి పట్టుకొనెను. ఈ భాగమును చదివినప్పుడెల్లను మాకు మన కొండలు జ్ఞాపకము వచ్చును.

విశాఖపట్నము వారికి చలిజ్వరమును పరిచయము చేయనక్కరలేదు. పాడేరు, చింతపల్లి, అరకు వైపునకు బదిలీ అయిన ఉద్యోగి ఇంట ఏడ్పు వినబడిన కాలము ఒకటుండెను. దానిని మన్యపు జ్వరమని పిలిచెడివారు. కొండ గాలి సోకినదనిరి, కొండ నీళ్లు పడలేదనిరి, కొండదేవతకు కోపము వచ్చినదని మరికొందరనిరి. క్రింద రేవునందు ఉప్పుటేరు బురదను త్రవ్వి ఓడలు నిలువ చోటు కట్టి 1933లో నౌకాశ్రయమును తెరచునాటికి, ఆ జ్వరపు జీవి దోమలో పెరుగునని లోకమునకు తెలిసి ముప్పది ఆరు సంవత్సరములు గడచెను. ఆ సంగతి తెలిసినది ఎక్కడనో దూరదేశములో కాదు. మన తెలుగు నేల మీదనే, సికింద్రాబాదులో తెలిసినది. దానిని కనుగొనిన వైద్యుడు ఆ వెంటనే కూర్చుండి ఒక పద్యము వ్రాసెను. ఆయన జీవితమును ఈ మాసము చెప్పదలచితిమి.

ముందుగా ఒక మాట. ఈయన మిషనరీ కాడు. సైన్యములో జీతము తీసికొనిన వైద్యుడు. ఆయనను భక్తుల పట్టికలో చేర్చుటకు మేము దీనిని వ్రాయుట లేదు.

రొనాల్డ్ రాస్ 1857వ సంవత్సరము మే నెల 13వ తేదీన హిమాలయ పర్వతముల దగ్గర ఆల్మోరాలో జన్మించెను. తండ్రి భారత సైన్యములో పెద్ద అధికారి. పదిమంది బిడ్డలలో ఈయన పెద్దవాడు. ఎనిమిది సంవత్సరముల వయస్సులో తలిదండ్రులను విడిచి, ఇంగ్లండులోని వైట్ ద్వీపమునకు, బంధువుల ఇంటికి పంపబడెను. ఆ బాలునికి పద్యములన్నను సంగీతమన్నను బొమ్మలు గీయుటయన్నను మిక్కిలి ప్రీతి. గ్రంథకర్త కావలెనని అతని కోరిక. వైద్యుడు కావలెనని తండ్రి ఆజ్ఞ. 1874లో లండను నగరములోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో చేర్పించిరి. మనస్సు లేని చదువు ఎట్లుండునో అట్లే సాగినది. పరీక్షలలో ఒకటి తప్పెను. కొంతకాలము ఓడ మీద వైద్యుడుగా సముద్రములు దాటెను. చివరకు 1881లో ఇండియను మెడికల్ సర్వీసులో చేరి, ఆ కాలపు మద్రాసు రాజధాని వైపునకు వచ్చెను.

తండ్రి చూపిన దారిలో మనస్సు చంపుకొని నడచినవారు మన సంఘములలోను ఉన్నారు. వారు ఈ యువకుని సులువుగా అర్థము చేసికొందురు. సైనికుల ఆసుపత్రిలో ఉదయము పని ముగిసిన తరువాత ఆయన గణితము చదువుకొనెను, కథలు వ్రాసెను, నాటకములు వ్రాసెను. వాటిని నేడు చదువువారు కొద్దిమందియే.

1883లో బెంగళూరులో ఉన్నప్పుడు జరిగిన చిన్న సంగతి ఒకటి కలదు. ఆయన బసలో దోమలు విపరీతముగా ఉండెను. వెదకి చూడగా కిటికీ బయట ఉంచిన నీళ్ల పీపాలో దోమపిల్లలు గిలగిలలాడుచుండెను. ఆ నీటిని పారబోయించెను. దోమలు తగ్గిపోయినవి. సంతోషముతో పోయి, అధికారులందరు భోజనము చేయు ఇంటి యొద్ద కూడ ఆలాగే చేయింపవలెనని అక్కడి అధికారితో చెప్పెను. ఆ అధికారి నవ్వి ఒప్పుకొనలేదు. దోమలు ఏదో ఒక ఉద్దేశముతో సృజింపబడినవనియు, వాటిని సహించుట మన విధి యనియు, సృష్టిక్రమమును చెరుపరాదనియు చెప్పెనట.

ఈ సంగతిని మేము మొదట చదివినప్పుడు నవ్వలేకపోతిమి. కారణము చెప్పెదము. కొండల అంచున ఉన్న మా గ్రామ దేవాలయము వెనుక బాప్తిస్మమునకు కట్టిన సిమెంటు తొట్టి ఉన్నది. కొన్ని సంవత్సరముల క్రిందట వర్షాకాలములో ఆశా కార్యకర్తయైన ఒక సహోదరి వచ్చి, అయ్యగారూ ఒకసారి చూడుడని పిలిచి, ఆ తొట్టిలో టార్చిలైటు వేసి చూపెను. నీటి పైభాగమున సన్నని పురుగులు అడ్డముగా తేలుచుండెను. నీరు తోడించవలెనని ఆమె వేడుకొనెను. మా సంఘపెద్దలలో ఒకరు, అది పరిశుద్ధ కార్యమునకు నింపిన నీరు, మరుసటి ఆదివారము కావలసినది, ప్రార్థించి నింపినదానిని పురుగుల భయముతో పారబోయుట అవిశ్వాసమని అనిరి. మేము పెద్దగారి పక్షమే వహించితిమి. బోరు నుండి నీళ్లు మోయుట కష్టమను సంగతి కూడ మా మనస్సులో ఉండెను, దాచుట ఎందుకు? ఆ ఆదివారము వానపడి బాప్తిస్మము వాయిదా పడినది. తొట్టి అట్లే ఉండెను. కొన్ని వారములకు దేవాలయము ప్రక్క ఇంటిలోని ఏడేండ్ల బాలికకు వణుకుతో జ్వరము వచ్చెను. రక్తపరీక్షలో మలేరియా అని తేలినది. ఆ బిడ్డ పట్టణపు ఆసుపత్రిలో తొమ్మిది దినములు ఉండి దేవుని కృప వలన బ్రదికెను. ఆ దోమ మా తొట్టిలోనిదే అని ఎవరు చెప్పగలరు? కాదని మాత్రము మేము చెప్పలేము. బిడ్డ పడక యొద్ద మోకాళ్లూని ప్రార్థించుచున్నప్పుడు మాకు ఆ టార్చిలైటు వెలుగే కనబడినది.

ఇక రాస్ గారి సంగతికి వత్తము. 1888లో సెలవు మీద ఇంగ్లండుకు పోయి, ప్రజారోగ్య శాస్త్రములో పట్టము పొంది, 1889 ఏప్రిల్ 25న రోసా బ్లాక్సమ్ అను ఆమెను వివాహమాడి తిరిగివచ్చెను. ఈ సంవత్సరములలోనే ఆయన పద్యములకు ప్రాణము వచ్చినది. అంతకు ముందువి వినోదమునకు వ్రాసినవి. ఇప్పటివి ఆసుపత్రి గదులలోనుండి పుట్టినవి. పరదేశములో ఉన్న ఒంటరితనము, ఎండకు మాడిన నేల, ఎముకలు తేలిన జనులు, జ్వరముతో వాడిన ముఖములు వాటిలో కనబడును. ఒక పద్యములో రోగులు తమకు స్వస్థత లేదా అని అడిగినట్లును, వైద్యుడు ఇంకను లేదని చెప్పవలసి వచ్చినట్లును, కంటికి కనబడని ఆ కారణమును చూపుమని ఆయన దేవుని వేడుకొనినట్లును వ్రాసెను. అప్పటికి క్వినైను ఉండెను. అది వచ్చిన జ్వరమును అణచగలదు. రాబోవు జ్వరమును ఎట్లు ఆపవలెనో, అది ఏ ద్వారమున లోపలికి వచ్చుచున్నదో ఎవరికిని తెలియదు. రోగి పడక యొద్ద నిలిచి మాటలు తప్ప మరేమియు ఇయ్యలేని గడియను సంఘకాపరులమైన మేము ఎరుగుదుము. అట్టి గడియలో ఈ వైద్యుడు పద్యము వ్రాసి తృప్తిపడి ఊరకుండలేదు. ఆ ప్రశ్న ఆయనను మైక్రాస్కోపు యొద్దకు త్రోసినది.

మలేరియా అను మాటకు ఇటలీ భాషలో చెడ్డ గాలి అని అర్థము. బురద నేలల నుండి లేచు గాలియే జ్వరమునకు మూలమని శతాబ్దములుగా నమ్మిరి. 1880లో అల్జీరియాలో పనిచేయుచున్న లావరాన్ అను ఫ్రెంచి సైన్యవైద్యుడు రోగి రక్తములో ఒక సూక్ష్మజీవిని చూచెను. నల్లని రేణువులు కలిగిన ఆ జీవియే జ్వరకారణమని చెప్పెను. అది రక్తములోనికి ఎట్లు వచ్చినది? దీనికి దారి చూపినవాడు ప్యాట్రిక్ మాన్సన్. ఆయన చైనాలో ఉన్నప్పుడు బోదకాలు పురుగు దోమ శరీరములో పెరుగుటను చూచెను. (మన కోస్తాలో బోదకాలు ఎరుగని ఊరేది?) అట్లే మలేరియా జీవికిని దోమ ఆశ్రయమై యుండవచ్చునని మాన్సన్ తలంచెను. 1894లో రాస్ లండనులో ఆయనను కలిసికొనినప్పుడు, ఆ జీవిని మైక్రాస్కోపులో చూపి ఈ తలంపును చెప్పెను. అయితే మాన్సన్ తలంపులో ఒక పొరపాటు ఉండెను. దోమ నీళ్లలో పడి చచ్చుననియు, ఆ నీళ్లు త్రాగినవారికి జ్వరము వచ్చుననియు ఆయన ఊహ.

రాస్ 1895 ఏప్రిల్‌లో సికింద్రాబాదుకు చేరెను. పని మొదలుపెట్టెను. కొంతలోనే కలరాను గూర్చి విచారించుటకు బెంగళూరుకు పంపిరి. 1897లో నీలగిరుల వైపునకు పోయి తానే మలేరియాతో పడిపోయెను. లేచి, ఆ జూన్ నెలలో తిరిగి సికింద్రాబాదుకు వచ్చెను. ఈ రెండేండ్లును ఆయన పరీక్షించినవి తప్పు దోమలు. ఇంటింట కనబడు బూడిదరంగువి, చారలవి కోసి చూచెను. ఒక్కదానిలోను ఏమియు దొరకలేదు. దోమలలో ఏ జాతి మలేరియాను మోయునో చెప్పు పుస్తకము ఆనాడు లేదు గదా.

ఆగస్టు నెల. గదిలో ఉక్కపోత. పంకా లాగింపవచ్చును గాని, ఆ గాలికి కోసిన దోమ ముక్కలు ఎగిరిపోవును గనుక పంకా నిలిపివేసెను. నుదుటి చెమట, చేతుల చెమట పడి మైక్రాస్కోపు మరలు త్రుప్పు పట్టినవి. మిగిలిన ఒకే ఒక కంటి అద్దము బీటలు వారినది. కన్నులు మసకబారుచుండెను. ఆ సమయమున సేవకులు చుక్కల రెక్కలు గల క్రొత్త రకపు దోమపిల్లలను తెచ్చిరి. అవి పెరిగి రెక్కలు వచ్చిన తరువాత, హుస్సేన్ ఖాన్ అను మలేరియా రోగిని తెర లోపల పరుండబెట్టి, ఆ దోమలచేత కుట్టించిరి. కుట్టి రక్తము త్రాగిన దోమ ఒక్కింటికి ఒక్క అణా చొప్పున ఆ మనుష్యునికి ఎనిమిది అణాలు ముట్టినట్లు వ్రాయబడియున్నది.

దోమలలో కొన్ని చచ్చినవి. మిగిలినవాటిని దినమునకు కొన్ని చొప్పున కోసి చూచుచు వచ్చెను. 1897 ఆగస్టు 20వ తేదీన, రక్తము త్రాగిన నాలుగవ దినపు దోమను కోసి, కడుపు గోడను అంగుళము అంగుళము వెదకినట్లు వెదకెను. ఆ గోడలో గుండ్రని కణములు కనబడెను. వాటిలో నల్లని రేణువులు ఉండెను. లావరాన్ రోగుల రక్తములో చూచినవి ఆ రేణువులే. మరునాడు మిగిలిన దోమను కోసెను. ఆ కణములు మరి పెద్దవై యుండెను. అనగా అవి దోమలో పెరుగుచున్నవి. ఇదియే ముఖ్యమైన సంగతి. జీవము గలదే పెరుగును.

ఆ దినములలోనే ఆ పద్యము పుట్టినది. మొదట అది అసంపూర్ణముగా ఉండెను. 22వ తేదీన దానిని భార్యకు పంపి, కొన్ని దినములకు పూర్తిచేసెను. దేవుడు కనికరించి తన చేతిలో ఒక అద్భుతమైన దానిని ఉంచెనని దానిలో చెప్పెను. లక్షలమందిని చంపుచున్న దాని మూలము దొరికినదనియు, ఈ చిన్న సంగతి లెక్కలేనంతమందిని బ్రదికించుననియు చెప్పి, చివరను మరణమును పేరుపెట్టి పిలిచి ప్రశ్నించెను. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయపు చివరి భాగము ఎరిగినవారు ఆ స్వరమును వెంటనే గుర్తుపట్టుదురు. ముందు వ్రాసిన పద్యములలో అడిగినదానికి ఇందులో కృతజ్ఞత చెల్లించెను. ఆ అడుగుటకును ఈ చెల్లించుటకును నడుమ ఉన్న సంవత్సరములు దోమలు కోయుటలో గడచినవి.

మేము ఆ పద్యమును పలుమారులు చదివితిమి. అది గొప్ప కవిత్వమా అని పండితులు వాదింపవచ్చును. మాకు ఒకటి మాత్రము వెలితిగా తోచినది. ఆ పద్యములో హుస్సేన్ ఖాన్ లేడు. జ్వరముతో వణకుచు, తెర లోపల పరుండి, అణాకు ఒకటి చొప్పున దోమలకు తన దేహమును అప్పగించిన బీదవాడు అందులో ఎక్కడను లేడు. కవియైన వైద్యుడు తన కన్నీటిని చూచుకొనెను, దేవుని హస్తమును చూచెను. నడుమనున్న మంచము మీది మనిషి పద్యమునకు అందలేదు. ఆ పేరు రాస్ గారు శాస్త్రము కొరకు వ్రాసికొనిన లెక్కలలో మిగిలినందున నేడు మనకు తెలియుచున్నది.

తరువాతి సంగతులు త్వరగా చెప్పెదము. పని సగములో ఉండగా ఆ సెప్టెంబరులోనే బదిలీ ఉత్తరువు వచ్చెను. బొంబాయి మీదుగా రాజపుతానాలోని ఖేర్వారాకు పోవలసి వచ్చినది. అక్కడ మలేరియాయే లేదు! నెలలు వ్యర్థమైనవి. మాన్సన్ లండనులో ప్రయత్నించుట వలన 1898 ఫిబ్రవరిలో కలకత్తాకు పంపబడెను. అక్కడ మనుష్యులను విడిచి పిచ్చుకల మలేరియాను పట్టుకొనెను. మహమ్మద్ బక్ష్ అను సహాయకుడు దోమలను తెచ్చుటలోను పెంచుటలోను మిగుల తోడ్పడెను. 1898 జూలైలో ఆ జీవి దోమ కడుపు విడిచి లాలాజల గ్రంథులలోనికి చేరుటను రాస్ చూచెను. నీళ్లు త్రాగుట వలన కాదు, కాటు వలననే జ్వరము లోపలికి వచ్చునని తేలినది. ఆరోగ్యముగా ఉన్న పిచ్చుకలను అట్టి దోమలచేత కుట్టింపగా వాటికి రోగము వచ్చినది. అదే సంవత్సరము ఇటలీలో గ్రాస్సియు ఆయన తోడివారును మనుష్యుల మలేరియాను గూర్చి ఆ దారిని పూర్తిగా చూపిరి.

ఇక్కడ రాస్ గారి బలహీనత చెప్పకుండుట న్యాయము కాదు. 1902లో ఆయనకు వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానము వచ్చెను. అయినను ఎవరు ముందు కనుగొనిరను వాదము ఆయనను విడువలేదు. గ్రాస్సితో సంవత్సరముల తరబడి కఠినమైన మాటలు జరిగినవి. మశూచి టీకాలు కనుగొనిన జెన్నరుకు ఇచ్చినట్లు తనకును ప్రభుత్వము ధనమియ్యవలెనని అడిగి, లేదనిపించుకొనెను. దేవుడు తన చేతిలో ఉంచెనని వ్రాసినవాడే, అది నా చేతిలోనిదే అని జీవితమంత వాదించెను. పౌలు బర్నబాలు వాదించుకొని విడిపోయిన సంగతిని గ్రంథము దాచలేదు గనుక మేమును దీనిని దాచము.

ఆ వాదముల మధ్యనే ఆయన చేసిన మేలు చాల ఉన్నది. 1899లో ఇంగ్లండుకు పోయి లివర్‌పూలులో బోధకుడుగా చేరి, ఆ సంవత్సరమే పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోనుకు వెళ్లెను. 1902లో సూయజు కాలువ వారు పిలువగా ఇస్మాయిలియా పట్టణమునకు పోయి చూచెను. మన రేవు వలెనే ఓడల రాకపోకలతో బ్రదుకు ఊరది. గుంటలు పూడ్చి, నీరు నిలువకుండ చేయుటతో కొద్ది సంవత్సరములలోనే అక్కడ మలేరియా దాదాపు లేకుండ పోయినది. బాల్యమున ఇష్టముతో చదివిన గణితమును కూడ ఆయన ఈ పనికే వాడెను. దోమలన్నిటిని చంపనక్కరలేదనియు, ఒక హద్దు క్రిందికి వాటి సంఖ్య తగ్గినయెడల రోగము తనంతట తానే ఆరిపోవుననియు లెక్కవేసి చూపెను. నేటికిని అంటురోగములను లెక్కించువారు ఆ దారినే నడచుచున్నారు. భారతదేశములో ఉన్నప్పుడు వ్రాసిన పద్యములను 1910లో పుస్తకముగా అచ్చువేయించెను. 1911లో సర్ బిరుదు వచ్చినది.

1914లో మొదటి మహాయుద్ధపు ప్రారంభ దినములలో ఫ్రాన్సులో ఆయన పెద్ద కుమారుడు మరణించెను. లక్షలమంది మరణమును గూర్చి వ్రాసిన తండ్రి ఇంటికే ఆ వార్త వచ్చినది. 1926లో లండను శివారులో ఆయన పేరట ఒక వైద్య సంస్థ తెరువబడెను. 1927 జనవరిలో కలకత్తాకు మరల వచ్చి, తాను పనిచేసిన ఆసుపత్రి గోడకు కట్టిన జ్ఞాపకద్వారమును తానే తెరచెను. ఆ ద్వారము మీద ఆయన పద్యములోని పంక్తులు చెక్కబడియున్నవి. మరుసటి సంవత్సరము, భార్యకును కుటుంబమునకును ఆధారము కొరకై తన కాగితములన్నిటిని రెండువేల పౌనులకు అమ్మెను. 1931లో భార్య మరణించెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన ఆయనయు మరణించెను. లండనులో ఆమె ప్రక్కనే సమాధి చేసిరి.

హైదరాబాదులో నల్లకుంట జ్వరాసుపత్రిని జనులు కోరంటి దవాఖానా అందురు. దానికి పెట్టిన పేరు ఈయనదే. బేగంపేటలో ఆయన పనిచేసిన పాత కట్టడము ఇంకను నిలిచియున్నది. సభల నిమిత్తము ఆ వైపునకు పోయినప్పుడు మేము దాని ముందర కొంతసేపు నిలిచితిమి. లోపల మంచములు ఎక్కడ వేసిరో, తెర ఎక్కడ కట్టిరో అని తలంచుచుంటిమి. ప్రక్కన రోడ్డు మీద మోటారుల రొద.

ఆ ప్రయాణము నుండి తిరిగివచ్చిన శనివారము దేవాలయము వెనుకకు పోయి చూచితిమి. ఇప్పుడు తొట్టిని బాప్తిస్మము జరుగు ఉదయమే నింపుదురు, ఆ సాయంకాలమే తోడివేయుదురు. బక్కెట్లు అందించువారిలో ఆ ప్రక్క ఇంటి బాలికయు ఉండును. ఆమె పొడుగైనది. ఆ దినమున తొట్టి పొడిగా ఉండెను. అడుగున రెండు రావి ఆకులును కొంచెము మట్టియు ఉండగా చీపురు తెచ్చి తుడిచితిమి.